సైకాలజీ ప్రాక్టికల్

పన్నెండో తరగతి సైకాలజీ ప్రాక్టికల్ కోసం ఆమె నాన్నని కూర్చోబెట్టింది. ఆయన వాళ్ల స్కూలు బస్సు డ్రైవరు.

"నేను స్కేలు వదలగానే పట్టుకోవాలి నాన్నా. చెయ్యి ఎంత చురుగ్గా ఉందో తెలుస్తుంది."

"ఓస్, అంతేనా!"

స్కేలు ఆయన వేళ్ల మధ్య నుంచి జారి నేలమీద పడింది. మళ్లీ వదిలింది. మళ్లీ పడింది. ఆయన ముఖంలో నవ్వు మాయమైంది.

"ఎన్నాళ్ల నుంచి ఇలా? డాక్టరుకి చూపిద్దాం నాన్నా."

"చూపిస్తే నన్ను బండి ఎక్కనిస్తారా? పట్టుకున్నాడని రాసుకో తల్లీ."

ఆమె అలాగే రాసుకుంది.

తెల్లారి ఆయన యూనిఫాం తొడుక్కుని బస్సు తాళాలు అందుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, ఆమె ముఖం చూడకుండా అన్నాడు.

"ఇవాళ్టి నుంచి నువ్వూ తమ్ముడూ నడిచి వెళ్లండి."

ఆమె తలూపింది. వీధి చివర పక్కింటి పిల్లలు అప్పటికే బస్సు కోసం నిలబడి ఉన్నారు.