రెండు కళ్లతో

“ఈవిడ మొగుడూ మీలాంటివాడేనండీ,” అంటూ గడియారం బాగుకిచ్చి నిలబడ్డ మనిషి ఫోన్ చూస్తూ పకపకా నవ్వాడు.

గడియారాలాయన కంటికి బిగించుకున్న భూతద్దం తీయకుండానే ఏమిటని అడిగాడు. ఎవరో పేరు చెప్పని ఇల్లాలు తన కాపురం సంగతులన్నీ ఫోన్‌లో రాసి లోకానికి పంచుతోందట, వేలమంది ఎగబడి చదువుతున్నారట. ఆ మనిషి ఒక ముక్క పైకి చదివాడు.

“పగలంతా గడియారాల్లోకి చూసే మనిషి. ఇంటికొచ్చినా ఒక కన్ను సగం మూసుకునే నావైపు చూడటం ఆయనకు అలవాటు. కూరలో ఉప్పు లేకపోయినా, నేను తల దువ్వుకునే తీరు మార్చినా ఆయనకు ఒకటే.”

గడియారాలాయన చేతిలోని సన్న పట్టకారు జారి కిందపడింది. తండ్రి పోయాక ఆ కుర్చీ, ఆ భూతద్దం తనకే దక్కాయి. చుట్టుపక్కల ఆ పని చేసేవాడు మరొకడు లేడు.

ఆ మనిషి వెళ్లగానే అవన్నీ వెతుక్కుని చదివాడు. గోడవైపు తిరిగి పడుకోవడం, ఒళ్లు కాలిపోతోందంటే మాత్ర వేసుకోమని ఊరుకోవడం, ఏదీ వదల్లేదు మహాతల్లి. కింద జనం ఆ మొగుడికి ‘మొద్దు’, ‘బండరాయి’ అని బిరుదులిచ్చారు. ఆవిడనేమో ‘మేమున్నాం అక్కా’ అంటూ నెత్తిన పెట్టుకున్నారు. ఇంటి గుట్టు రచ్చకెక్కించినందుకు అతనికి ఒళ్లు మండిపోయింది. ఇవాళ అటో ఇటో తేల్చేద్దామని పెందరాళే దుకాణం కట్టేశాడు. ఇంటి మెట్ల దగ్గర చివరి ముక్క చదివాడు.

“ఆయన నన్ను రెండు కళ్లతో చూస్తే ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఇక్కడ మీరంతా చూస్తున్నారు. చాలు.”

లోపల భార్య అత్తగారి ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసి పెడుతోంది. కోడలు తన పాత ఫోన్ ఇచ్చిన దగ్గర్నుంచి ముసలావిడ దాన్ని కింద పెడితే ఒట్టు. అతని అడుగుల చప్పుడుకి భార్య తలెత్తింది. తిట్టడానికి నోరు తెరిచినవాడు, రెండు కళ్లూ తెరిచి ఆమెను చూశాడు. చెవి పక్కన జుట్టు నెరిసింది. ఎప్పుడు నెరిసిందో తనకు తెలియదు.

“నువ్వు తిన్నావా?” అని అడిగాడు.

జ్వరమేమోనని ఆమె అతని నుదురు తాకి చూసింది.

అప్పట్నుంచి అతను ఇంట్లోకి వచ్చేముందు గుమ్మం దగ్గర ఆగి కళ్లు నులుముకోవడం మొదలుపెట్టాడు. వంట బాగుంటే బాగుందన్నాడు, ఉప్పు లేకపోతే లేదన్నాడు. ఆమె దానికీ మురిసిపోయింది. సాయంత్రాలు ఇద్దరూ అలా వీధి చివరిదాకా నడిచి వచ్చేవారు. ఇంట్లో నవ్వు వినబడుతోంటే అతనికే కొత్తగా ఉండేది. కోపం ఎప్పుడు పోయిందో తెలియదు గానీ, ఆ రాతల మీద కృతజ్ఞత మిగిలింది. ఒక సాయంత్రం ముగ్గురూ కూర్చుని ఉండగా ఇక దాచుకోలేకపోయాడు.

“నువ్వు రాసినవి చదివాను,” అన్నాడు భార్యతో. “నువ్వు రాయకపోతే నేను అలాగే ఉండిపోయేవాణ్ని. మంచి పని చేశావు.”

“నేను రాయడమేమిటి?”

అతను ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు. చదువుతోంటే ఆమె కళ్లు చెమ్మగిల్లాయి.

“ఒట్టు, నేను కాదు. అన్నీ నా మనసులోవే, కానీ నేను కాదు. ఎవరోగానీ ఆవిడ చల్లగా ఉండాలి.”

అతని తల్లి తన ఫోన్ ఒళ్లో బోర్లా పెట్టుకుని, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

“అవి మీ నాన్న గురించి రాసుకున్నవిరా.”