తెల్ల చుక్క

బోల్టు బిగించాక దాని తల మీద గోరంత తెల్లరంగు చుక్క పెట్టడం అతని అలవాటు. చుక్క ఉందంటే బిగించినట్టు, లేదంటే లేనట్టు. మందుల షాపులో ఫార్మసిస్టు. అక్కడ ఒక్కో మాత్రనీ రెండుసార్లు చూసే మనిషి. ఇంటికొస్తే బోల్టుల మీద పడేవాడు.

చలికాలంలో అతని బండి రోడ్డెక్కదు. పాతికేళ్ల నాటి స్పోర్ట్స్ బైకు. గ్యారేజీలో స్టాండెక్కి దర్జాగా సేవలు చేయించుకుంటుంది. ట్యాంకు తుప్పు పట్టకుండా నిండా పెట్రోలు, సైలెన్సర్లో ఎలుకలు దూరకుండా గుడ్డ, బ్యాటరీకి వంటింట్లో వెచ్చటి మూల. కట్టుకున్నదానికి కూడా ఇన్ని మర్యాదలు జరగలేదు. అందుకే ఆవిడ దాన్ని "మా సవతి" అంటుంది.

ఈసారి మాత్రం ఆ సర్వీసు అతనికి పరీక్ష అయి కూర్చుంది.

వేసవిలో ఆ బండి మీంచే పడ్డాడు. తలకి దెబ్బ. స్పృహ వచ్చాక సొంత అక్క పేరు గుర్తు రాలేదు. నెమ్మదిగా అన్నీ గుర్తొచ్చాయి. డాక్టర్ "ఇక భయం లేదు, బండి కూడా నడపొచ్చు" అన్నాడు. కానీ ఆస్పత్రి బెంచీ మీద, రక్తం ఎండిన బూట్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది డాక్టర్ కాదు, ఆవిడ. ఇంటికి రాగానే బండి తాళం దాచేసింది.

"ఈ చలికాలం సర్వీసు మొత్తం నేనొక్కడినే చేస్తా," అన్నాడు అతను. "ఒక్క బోల్టు మర్చిపోయినా బండి అమ్మేద్దాం. మర్చిపోకపోతే తాళం ఇచ్చెయ్యాలి."

"సరే. మాట తప్పకూడదు మరి."

"నువ్వు సాయం రానక్కర్లేదు. నీకు స్పానర్‌కీ గరిటెకీ తేడా తెలీదు."

ఆవిడ నవ్వి టీ పెట్టడానికి వెళ్లింది.

మొదట్లో అంతా నల్లేరు మీద బండి నడకే. చెయిన్ కడిగాడు. కార్బురేటర్లు విప్పి, తుడిచి, మళ్లీ బిగించాడు. చేతులు వాటంతట అవే పని చేసుకుపోతుంటే ఈల కూడా వేశాడు. ఇంజన్ ఆయిల్ మార్చి చుక్క పెట్టి పడుకున్నాడు.

పొద్దున్నే గ్యారేజీ తలుపు తీస్తే నేలంతా ఆయిల్. ఇంజన్ అడుగున ఉండే బోల్టు వదులుగా వేలాడుతోంది. దాని మీద చుక్క లేదు.

"నిన్న బిగించానే," అన్నాడు.

"బిగించే ఉంటారు," అంది ఆవిడ, గుడ్డ తెచ్చి నేల తుడుస్తూ. "లేదా నేను భోజనానికి పిలిస్తే మధ్యలో లేచొచ్చారేమో. తప్పు నాది. దీన్ని లెక్కలో వేసుకోవద్దు."

అతనికి కళ్లు చెమర్చాయి. ఎంత మంచి మనిషి తనకి దొరికింది అనుకున్నాడు.

ఆదివారం ఆవిడ తమ్ముడు వచ్చాడు. "ఎందుకు బావా ఈ గోల, పాత ఇనుము కింద పారేయక," అన్నాడు.

"నువ్వూరుకోరా. ఆయన చెయ్యగలరు," అని ఆవిడే మొగుణ్ణి వెనకేసుకొచ్చింది.

చివరికి ముందు చక్రం బ్రేకు మిగిలింది. దాన్ని పట్టి ఉంచేవి రెండే బోల్టులు. అవి ఊడితే మనిషి దక్కడు. పద్నాలుగో నంబరు స్పానర్‌తో బిగించాడు. మళ్లీ బిగించాడు. రెండింటికీ చుక్కలు పెట్టి, "అయింది" అని పైకే అనుకున్నాడు. స్పానర్ని గోడ మీద దాని మేకుకి తగిలించాడు.

మర్నాడు ఉదయం ఆవిడని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. "తాళం తెచ్చావా?" అంటూ బ్రేకు మీద చెయ్యి వేశాడు. అది లొటలొటలాడింది. రెండు బోల్టులూ వేళ్లతోనే తిరుగుతున్నాయి. చుక్కలు లేవు. స్పానర్ కోసం గోడ వైపు చూస్తే మేకు ఖాళీగా ఉంది.

"ఇక్కడే తగిలించాను. చుక్కలూ పెట్టాను. రంగు వాసన కూడా గుర్తుంది నాకు."

ఆవిడ దగ్గరికొచ్చింది. భుజం మీద చెయ్యి వేసింది. తిట్టినా బాగుండేది అనిపించింది అతనికి.

"అమ్మేద్దాం," అన్నాడు. "షాపు కూడా మానేస్తాను."

ఆవిడ ముఖం పాలిపోయింది. "షాపెందుకండీ? బండి ఒక్కటి మానేస్తే చాలు కదా."

"బోల్టు బిగించానో లేదో తెలియనివాణ్ణి. రేపు ఏ పసిపిల్లకి ఏ మందు ఇచ్చానో నాకేం గుర్తుంటుంది?"

ఎంత బతిమాలినా వినలేదు.

బండి వెళ్లిపోయింది. అతను కిటికీ ఊచలు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ తర్వాత వీధి చివరికి కూడా ఒంటరిగా పోవడం మానేశాడు. తలుపు గడియ పెట్టి, పెట్టానో లేదోనని మళ్లీ వెళ్లి చూసేవాడు. ఎవరైనా పలకరిస్తే, జవాబు చెప్పే ముందు ఆవిడ ముఖం వైపు చూసేవాడు.

ఒక మధ్యాహ్నం కుర్చీలోంచి అడిగాడు. "ఇదిగో, నేను భోంచేశానా?"

"లేదండీ. కూర్చోండి, వడ్డిస్తాను," అంది ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ.

వంటింట్లోకి వెళ్లి, గరిటెల డబ్బాలో చెయ్యి పెట్టి, మూతికి తెల్లరంగు అంటిన పద్నాలుగో నంబరు స్పానర్ అడ్డొస్తే దాన్ని పక్కకి జరిపి, గరిటె తీసుకుంది.