గొడుగు, ఏనుగు, చెంచా, కిటికీ, గంట

"ఇవాళ కూడా మార్పు కనిపించకపోతే ఈ వైద్యం ఆపేద్దామమ్మా," అన్నారు డాక్టరు.

మతిమరుపు తగ్గడానికని మా ఆయన నెత్తిమీద పెట్టిన అయస్కాంత యంత్రం టకటకమంటోంది. ఆ చప్పుడుకి, కుర్చీ కింద ఆయన కాలు కుట్టు మిషను తొక్కుతున్నట్టు ఆడుతోంది. నలభై ఏళ్లు దర్జీ పని చేసిన కాలు మరి. దానికున్న జ్ఞాపకం ఆయనకు లేదు.

నేనో తప్పు చేశాను. మతిమరుపు పరీక్షలో పోయినసారి గుర్తుపెట్టుకోమన్న ఐదు మాటలే మళ్లీ అడుగుతారని నర్సు దగ్గర ఆరా తీసి, ఇరవై రోజులు ఇంట్లో వాటిని వల్లె వేయించాను. తప్పు చెప్పినప్పుడల్లా బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. ఇదీ ఆపేస్తే ఇక నాకు దిక్కేది?

చప్పుడు ఆగింది. డాక్టరు ఆ ఐదు మాటలూ అడిగారు.

"గొడుగు, ఏనుగు, చెంచా, కిటికీ, గంట," అన్నారు మా ఆయన గడగడా.

"భేష్! ఎలా గుర్తుపెట్టుకున్నారు?"

ఆయన నావైపు ఓసారి చూసి, గొంతు తగ్గించారు.

"తప్పు చెబితే ఆవిడ ఏడుస్తుందండీ. ఎవరో, పాపం. ఇక ఆవిణ్ణి పంపించేయండి. ఇంటి దగ్గర వాళ్లాయన ఎదురుచూస్తుంటాడు."