నూట ఇరవై లీటర్ల సముద్రం

“ఇంకో గరిటె వెయ్యి,” అన్నాడు సతుర్నీనో, బకెట్లో ముంచిన వేలు చప్పరిస్తూ.

“ఇంకో గరిటె దేనికయ్యా? ఇప్పటికే నాలుక మండిపోతోంది,” అంది బసీలియా.

“సముద్రం మీద మూడు వారాలున్నది నువ్వా, నేనా?”

ఆ ప్రశ్న వచ్చిందంటే లా పాజ్‌లో మెట్లవీధి చివరనున్న ఆ ఇంట్లో వాదన ముగిసినట్టే. బసీలియా ఇంకో గరిటె ఉప్పు వేసి కలిపింది. సతుర్నీనో ఆ బకెట్ ఎత్తి, హాల్లో బల్ల మీదున్న కొత్త గాజు తొట్టిలో పోశాడు. లోపల రెండు చేపలు, నారింజ రంగు మీద తెల్ల చారలవి, ఒక మూలకి ఒదిగి గబగబా మొప్పలాడిస్తున్నాయి.

సతుర్నీనో బొలీవియా నౌకాదళంలో ముప్ఫై ఒక్కేళ్లు చేసి రిటైరయ్యాడు. దేశానికున్న తీరాన్ని ముత్తాతల నాటి యుద్ధంలో పొరుగువాళ్లు పట్టుకుపోయారు గానీ నౌకాదళం మాత్రం మిగిలింది. అది టిటికాకా సరస్సులో పడవలు నడుపుకుంటూ, సముద్రం తిరిగొచ్చే రోజు కోసం సిద్ధంగా ఉంటుంది. ఒక ఏడాది మాత్రం పన్నెండు మందిని ఏరి పరాయి దేశపు ఓడ మీద శిక్షణకి పంపారు. ఆ మూడు వారాల కథ సతుర్నీనో నోట విననివాళ్లు ఆ వీధిలో లేరు. మేడంత అలలు, ఓడ పక్కనే ఈదిన తిమింగలం, వాంతులు చేసుకున్న పదకొండు మంది. పన్నెండోవాడు ఎవరో చెప్పక్కర్లేదు.

మార్చి ఇరవై మూడున పోయిన సముద్రాన్ని దేశమంతా తలుచుకుంటుంది. ఈసారి ఆ రోజున వీధివాళ్లకి సముద్రాన్నే చూపిస్తానని మాటిచ్చేశాడు. చేపల దుకాణం రామిరో తొట్టి, పంపు, ఉప్పు పాకెట్లు అమ్మాడు. నీళ్లు చేపలకి పనికొచ్చేలా తయారవ్వాలంటే ఐదు వారాలు ఉత్త నీళ్లే తిప్పమన్నాడు. ఆ ఐదు వారాలూ చుట్టుపక్కలవాళ్లు వచ్చి ఉత్త నీళ్లనే చూసి, బాగుందని మెచ్చుకుని వెళ్లారు. ఉప్పు కొలిచే గాజు గొట్టం కూడా ఇవ్వబోతే సతుర్నీనో పుచ్చుకోలేదు.

“ఇది లేకపోతే కష్టం, కమాండరు గారూ,” అన్నాడు రామిరో.

“నా నాలుకుంది,” అన్నాడు సతుర్నీనో.

ఆ ఊరి పొడిగాలికి తొట్టి రోజుకో వేలు తగ్గుతోంది. పోయేది నీరే, ఉప్పు అక్కడే ఉంటుంది. చారు మరిగి చిక్కబడితే దాంట్లో మళ్లీ ఉప్పెవరు వేస్తారు? ఆ మాటే బసీలియా ఒకసారి అంది. సముద్రం మీద మూడు వారాలున్నది ఎవరని ఆయన అడిగాడు.

ఇరవై మూడో తారీకు ఇంకా పది రోజులుంది. చేపలు చస్తే వీధి నవ్వుతుంది, అది ఆమెకి లెక్కలేదు. ఈయన మంచం పడతాడు, అదీ ఆమె భయం. ఈ మనిషికి చెప్పుకోవడానికి ఉన్నది ఆ మూడు వారాలే.

రోజూ పదింటికి సతుర్నీనో పేపరు కోసం మెట్లు దిగి గంటకి గానీ తిరిగి రాడు. మర్నాడు ఆయన అటు వెళ్లగానే బసీలియా తొట్టిలోంచి నాలుగు చెంబులు తోడి పారబోసి, ముందురోజు పట్టి ఉంచిన మంచినీళ్లు నాలుగు చెంబులు పోసింది. వేలు ముంచి నాకింది. తనకి తెలిసిన రుచి వచ్చేదాకా రోజూ అదే పని.

ఆ రుచి ఆమెకి బాగా తెలుసు. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు, మొగుడు సరస్సు దగ్గర డ్యూటీలో ఉంటే, ఆమె సరిహద్దు దాటి సముద్రం ఒడ్డునున్న అరికా రేవు నుంచి పాతబట్టల మూటలు తెచ్చి అమ్మేది. పదకొండేళ్లు. మొదటిసారే చెప్పులు విడిచి మోకాళ్ల దాకా దిగి, ఒక అలని నోటి నిండా మింగింది. ఆ సంగతి మొగుడికి చెబుదామని ఉరుకులు పరుగుల మీద ఇంటికొస్తే, సెలవు మీద వచ్చిన ఆయన పిల్లల్ని కూర్చోబెట్టుకుని కథలో తిమింగలం దగ్గరున్నాడు. చెప్పబుద్ధి కాలేదు. సరుకు సముద్రానికి దూరంగా, కొండల మధ్యనున్న ఒరూరో నుంచి వస్తోందంది. ఇప్పటికీ అదే మాట మీద ఉంది.

నాలుగో రోజుకి చేపలు మూల వదిలి తిరగడం మొదలుపెట్టాయి.

“చూశావా, ఇదీ నాలుకంటే,” అన్నాడు సతుర్నీనో.

“చూశాను,” అంది బసీలియా.

ఇరవై మూడున ఆయన పాత యూనిఫాం తొడుక్కుని తొట్టి పక్కన నిలబడ్డాడు. వీధంతా వరస కట్టింది. పక్కింటి నియెవెస్ అడక్కుండానే నీళ్లలో వేలు ముంచి నోట్లో పెట్టుకుంది.

“అచ్చం సముద్రమే, అన్నయ్యా.”

“సముద్రం నువ్వెప్పుడు చూశావు?”

“నువ్వు చూశావుగా, చాలదూ?”

అందరూ వెళ్లిపోయాక బసీలియా కప్పులు కడుగుతోంది. సతుర్నీనో యూనిఫాం విప్పకుండానే తొట్టి ముందు కూర్చున్నాడు.

“రేపట్నుంచి నా ఎదురుగానే పొయ్యి,” అన్నాడు.

“ఏం పొయ్యాలి?”

“మంచినీళ్లు. నీకు వీలు చిక్కాలని రోజూ ఆ మెట్లన్నీ దిగి ఎక్కడం నావల్ల కావడం లేదు.”

బసీలియా కడుగుతున్న కప్పు పక్కన పెట్టింది. “ఎప్పుడు తెలిసింది?”

“మొదటి రోజే.”

“అయితే అరికా సంగతి కూడా తెలుసా?”

“అది తెలిసి ముప్ఫై ఏళ్లయింది. నీ మూటలు దులిపితే గవ్వ ముక్కలు రాలేవి. ఒరూరోలో గవ్వలెక్కడివే?”

బసీలియా చేతులు తుడుచుకుని వచ్చి పక్కన కూర్చుంది. ఇన్నేళ్లు తను దాచింది దాపరికమే కాదని తెలిసేసరికి ఒళ్లు మండింది.

“తెలిసీ ఆ గరిటెల ఉప్పు దేనికయ్యా? చేపల ప్రాణం మీదకి తెచ్చావు. ఎంత ఉప్పుండాలో నన్ను ఒక్క మాట అడిగితే ఏం పోయేది?”

సతుర్నీనో యూనిఫాం చేతితో తొట్టి గాజు మీది ఉప్పు మరక తుడిచాడు.

“అడిగితే, నేను సముద్రం చూడలేదని నీకు తెలిసిపోదూ.”