మద్దిచెట్టు మీద మూడు చుక్కలు

ఒక అడవికి ఎలుగుబంటి పెద్ద. అక్కడి మద్దిచెట్టు మీద ఎలుగుబంటి కొలువులోని వడ్రంగిపిట్ట ఏ నొప్పికి ఏ ఆకు మంచిదో ముక్కుతో చెక్కి, చివర తన గుర్తుగా మూడు చుక్కలు పొడిచేది. అవి చదువుకోవడానికి పక్క అడవుల నుంచి కూడా జంతువులు వచ్చేవి. వచ్చినవాటికల్లా ఆ చుక్కలు చూపించి మురిసిపోవడం ఉడతకు అలవాటు.

ఒకనాడు పిట్ట కొలువు మానేసి అవతలి కొండకు వెళ్ళిపోయింది. ఎలుగుబంటికి ఒళ్ళు మండింది.

"మనల్ని కాదని పోయినదాని గుర్తు మన చెట్టు మీదెందుకు? గీకెయ్. నా పంజా గుర్తు వేస్తాను," అంది ఉడతతో.

ఉడతకు మనసొప్పలేదు. అయినా పెద్ద మాట కాదనలేక గీకేసింది.

మర్నాడే పక్క అడవి ముళ్ళపంది చెట్టు మీది పంజా గుర్తు చూసి ఎలుగుబంటి దగ్గరకు పరుగున వచ్చింది. "దొరా, పిల్ల కడుపునొప్పితో మెలికలు తిరుగుతోంది. మీరు రాసిన ఆకే తెచ్చాను. నమిలించాలా, పసరు తీసి పట్టాలా?"

ఎలుగుబంటి ఆ ఆకును అటూ ఇటూ తిప్పి చూసింది.

ఉడత ఇక ఆగలేకపోయింది. "అది రాసింది వడ్రంగిపిట్ట. అడిగి వస్తాను, ఉండు," అని కొమ్మల మీదుగా కొండకు ఉరికింది. పసరు నాలుగు చుక్కలకు మించి పట్టకూడదని పిట్ట చెప్పి పంపింది. సాయంత్రానికి పిల్ల లేచి ఆడుకుంది.

ఎలుగుబంటి తన పంజా గుర్తు తానే చెరిపేసి, చుక్కలు మళ్ళీ పెట్టమంది. ఉడత వాటిని పళ్ళతో ఇంకా లోతుగా కొరికింది.

ఇప్పుడెవరైనా ఆ చుక్కలెవరివని అడిగితే, ఉడత నోరు తెరిచేలోపే ఎలుగుబంటి ఛాతీ విరుచుకుని చెబుతుంది.

"వడ్రంగిపిట్టవి. ఇప్పుడు అవతలి కొండ మీద ఉంటోంది. ఇది రాసినప్పుడు మా దగ్గరే ఉండేది."