ఫ్యాను లేని గది

"గోడలు చూసి గది తీసుకునే మనిషిని నిన్నే చూస్తున్నాను" అన్నాడు భర్త, నాలుగో లాడ్జి మెట్లు దిగుతూ.

భార్య డ్రాయింగు టీచరు. నీళ్ళు వస్తాయా, పరుపు బాగుందా అన్నది ఆమెకు పట్టలేదు. వెళ్ళిన ప్రతి గదిలోనూ గోడలు తడిమి చూసి, పెదవి విరిచి బయటికి వచ్చేస్తోంది.

దానికి కారణం ఆమె తాతయ్య. అరవై ఏళ్ళ కిందట ఈ పాత ఊళ్ళోనే ఎవరింట్లోనో రెండేళ్ళు ఉండి పెద్ద బొమ్మ ఒకటి గీశాడు. మెడ పట్టేసి ఇంటికి వచ్చాడు. మళ్ళీ కుంచె పట్టలేదు. ఆయన చేతి పని ఏదైనా మిగిలి ఉంటే అదొక్కటే.

పాత ఇళ్ళన్నీ ఇప్పుడు లాడ్జీలయ్యాయి. వాటిని నడిపేవాళ్ళు నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళు, అడిగితే తెల్లముఖం వేస్తున్నారు. అందుకే గది వెతికే వంకతో ఆమె బొమ్మను వెతుకుతోంది.

సెలవు రెండు రోజులే.

సందు మలుపులో ఒక ముసలాయన ఎదురొచ్చాడు. ఒక చేతిలో తాళాల గుత్తి, ఇంకో చేతిలో విసనకర్ర.

"గది కావాలా బాబూ? మా ఇంట్లో ఒకటుంది."

"ఫ్యాను ఉందా?" అన్నాడు భర్త.

"లేదు."

"ఈ ఎండల్లో ఫ్యాను లేని గదిలో ఎవరుంటారండీ?"

"లోపలికొచ్చి ఓ గంట నడుం వాల్చండి. ఆ తర్వాత వద్దంటే మీ ఇష్టం."

మాట్లాడుతున్నది భర్తతోనే అయినా, ఆయన చూపు ఆమె మీద ఉంది.

"నిన్నెక్కడో చూశానమ్మా. బాగా తెలిసిన ముఖం."

"బ్రోకర్లందరికీ మనం చుట్టాలమే" అని గొణిగాడు భర్త.

ఆమెకు నవ్వొచ్చింది. అయినా ఆశ చావక, ఆయన తెరిచిన తలుపులోంచి తొంగి చూసింది. పొట్టి తలుపు. నాలుగు గోడలకూ తెల్లటి సున్నం. మధ్యలో ఒక మంచం.

"వద్దులెండి తాతగారూ."

"రేపైతే చూపించలేనమ్మా."

బేరంలో అదో పద్ధతి కాబోలు అనుకుంది ఆమె.

ఇద్దరూ ఏసీ గది తీసుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం, బస్సుకు రెండు గంటలుందనగా, ఆఖరి ప్రయత్నంగా మ్యూజియానికి వెళ్ళారు. టికెట్లిచ్చే ఆవిడ ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన మనిషి.

"ఇక్కడ ఎవరింట్లోనైనా గోడ మీద పెద్ద బొమ్మ ఉందాండీ?"

"గోడ మీద లేదమ్మా. పైకప్పు మీదైతే ఉంది. సందు మలుపులో ఇల్లు. మెడ వెనక్కి వంచి రెండేళ్ళు గీశాడట, పాపం."

టీచరు నిన్న ఆ గడప దాకా వెళ్ళి తలెత్తి చూడలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది ఆమె పని.

"ఇప్పుడు వెళ్తే..."

"పొద్దున్నే మూసేశారు. కప్పు కూలేలా ఉందని ఇల్లు మ్యూజియానికి రాసిచ్చేసి, కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు పెద్దాయన. బాగుచేయడానికి మూడేళ్ళంటున్నారు. అప్పటికి బొమ్మ ఎంత మిగులుతుందో."

"మాతో గది అద్దెకుందన్నాడే" అన్నాడు భర్త.

"ఆయన అద్దె పుచ్చుకోగా ఎవరూ చూడలేదు. వెల్లకిలా పడుకుంటే గాని ఆ బొమ్మ మొత్తం కనపడదు. బొమ్మ చూడమంటే ఎవరొస్తారు? అందుకని గది ఉందని పిలిచేవాడు."

ఆవిడ సొరుగులోంచి ఫోటో ఒకటి తీసింది. కప్పు నిండా పక్షులు, నడిమధ్యన ఒక ఆడమనిషి ముఖం. ఆ ముఖాన్ని చూసి, టీచరును చూసి, మళ్ళీ ఫోటో చూసింది.

"మా అమ్మమ్మ" అంది టీచరు. "నాది ఆవిడ పోలికే అంటారు."

"ఫ్యాను ఒకటి పెట్టించుకుని ఉంటే మేం ఉండేవాళ్ళం" అన్నాడు భర్త, తప్పు ఎవరి మీదకు నెట్టాలో తెలియక.

"ఫ్యాను కొక్కెం దిగేది సరిగ్గా ఆ ముఖంలోకే బాబూ" అంది ఆవిడ. "ఆవిడ నుదుట చిల్లు పెట్టలేక, అరవై వేసవులు విసనకర్రతో గడిపాడు ఆయన."