ఖాళీ నింపిన తిట్లు

మా క్లాసువాళ్లం నాలుగు ప్రాజెక్టులూ ఇచ్చేశాక, ఈ కోర్సులో సమయాన్ని ఎలా వాడుకున్నారో ఒక్కొక్కరూ ఒక పేజీ రాసిమ్మన్నారు డిజైన్ మేడమ్.

ఆ పేజీని అందంగా పేర్చడానికే తొమ్మిది రోజులు తగలేశాను. అక్షరాల సైజు పదకొండా, పన్నెండా అని తేల్చడానికే రెండు రోజులు. మేటర్ తర్వాత రాద్దామని, అప్పటిదాకా ఖాళీ కనబడకుండా, అక్క నాకు పంపిన తిట్ల మెసేజీలు తెచ్చి అందులో పోశాను. ఆ తర్వాత అనేది రానేలేదు. గడువు రోజున పేజీ తిట్లతోనే వెళ్లిపోయింది.

మర్నాడు మేడమ్ తన గదికి పిలిచి, పైకి చదివారు.

"పెన్సిళ్లు చెక్కుకుంటూ కూర్చుంటే పనవదే, మొద్దూ! మొదలుపెట్టాలంటే వణుకు, దానికి ప్లానింగని పేరొకటి."

నా పైప్రాణాలు పైనే పోయాయి.

"ఎవర్ని ఉద్దేశించి రాశావిది?"

"నేను రాయలేదు మేడమ్. మా అక్క నన్ను తిట్టింది. తీసేయడం మర్చిపోయాను."

"నిన్నా?" మేడమ్ కుర్చీలో వెనక్కి వాలారు. "అమ్మయ్య! నన్నేమో అనుకున్నాను."

అప్పుడు చూశాను. బల్ల మీద పన్నెండు ఎర్ర పెన్సిళ్లు, సూదుల్లా చెక్కి వరసగా పేర్చి ఉన్నాయి. వాటి పక్కనే మా నాలుగు ప్రాజెక్టుల కట్టలు, మేం కట్టిన తాళ్లు కట్టినట్టే ఉన్నాయి.